పాత కంప్యూటరుకు వైర్‌లెస్ కార్డు

తెనాలిలో మా పెదనాన్నగారి కంప్యూటరు 2003 నాటిది. పెంటియం 4 ప్రాసెసరు, 512 మెగాబైట్ల మెమరీ, విండోస్ ఎక్స్‌పీ. తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసిన ఏడాది, చేతికి వచ్చిన డబ్బులోంచి కొంత తీసి కొనుక్కున్నారు. ఆనాటి నుంచి దానిమీద ఆయన చేస్తున్న పని ఒక్కటే: డెల్టా పల్లెల్లో సేద్యానికీ, గొడ్డూగోదకూ, వంటింటికీ సంబంధించిన మాటలను ఏరి అకారాదిగా పేర్చుకోవడం. అచ్చు వేయాలన్న తొందర ఆయనకు ఏనాడూ లేదు. మాట దొరకాలి, దానికి అర్థం సరిగా కుదరాలి, అంతే.

పాత టెలిఫోను తీగ ఉన్నంతకాలం ముందు గదిలోని మోడెము నుంచి కంప్యూటరుకు ఇంటర్నెట్టు అందేది. ఆ తీగ పోయి ఫైబరు వచ్చింది. దాని పెట్టెను మేడమీద మా అన్నయ్య వాటాలో బిగించారు. కింది గదికి తీగ లాగుదామంటే పెదనాన్నగారు గోడకు బెజ్జం కొట్టనివ్వరు. "అది సున్నపు గోడరా అబ్బాయ్, మీ నాయనమ్మ దగ్గరుండి కట్టించింది. ఒకచోట కొడితే నాలుగుచోట్ల పెచ్చులూడుతుంది" అన్నారు. ఆ పెట్టెకు వైర్‌లెస్ కార్డు తగిలించిపెట్టమన్నారు. అరగంట పని అనుకున్నాను. మూడు ఆదివారాలు పట్టింది.

ఆ మూడు ఆదివారాల్లో నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. పాత యంత్రాలు ముసలితనంతో పోవడం లేదు. వాటికి ప్రాణం పోయగల ఒక చిన్న ఫైలునో, నాలుగు పుటల వివరాన్నో ఎవరో తమ దగ్గర అట్టేపెట్టుకున్నందువల్ల పోతున్నాయి. దీన్ని సాంకేతిక నిపుణుల గొడవ అనుకుని వదిలేయడానికి వీల్లేదు. మిగతావారి సంగతి ఎలా ఉన్నా, తెలుగు ఖతుల చెరలోంచి బయటపడి వచ్చిన మనకు ఈ విషయం చప్పున అర్థం కావాలి.

మొదటి ఆదివారం కార్డు బిగింపుతోనే సరిపోయింది. అది నిజానికి చాలా తేలిక పని. కరెంటు తీగ పీకేసి, పక్కరేకు విప్పి, ఒంట్లో స్థిరవిద్యుత్తు ఉంటే పోయేలా కేబినెట్టు ఇనుమును ఒకసారి తాకి, ఖాళీగా ఉన్న తెల్లని పీసీఐ గాడిలో కార్డును అదిమి, మర బిగించడమే. లోపల ఇరవైయేళ్ళ దుమ్ము, రెండు బల్లి గుడ్ల పెంకులు, ఎలా చేరిందో తెలియని ఒక చింతగింజ ఉన్నాయి. పాత కార్డుల బంగారు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది శుభ్రం చేసే పద్ధతి మన రిపేరు దుకాణాలవారికందరికీ తెలిసినదే, నేనూ అదే చేశాను. గాడి వయసు కూడా చూసుకోవాలి. 802.11జి కార్డుల్లో చాలావాటికి 1998లో వచ్చిన పీసీఐ 2.2 ప్రమాణం ఉండాలి. అంతకు ముందు బోర్డుల్లో కార్డు గాడిలో చక్కగా కూర్చుంటుంది గాని కంప్యూటరు దాన్ని గుర్తుపట్టదు. మా బోర్డుకు ఆ ఇబ్బంది లేదు.

కార్డును సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో కొన్నాను. పాత సరుకే, కాని పెట్టె విప్పలేదు. అట్టమీద మెరుపు అక్షరాలు, లోపల సీడీ. ఆ సీడీలోని డ్రైవరు 2004 నాటిది. ఎక్స్‌పీలో ఎక్కింది గాని దానికి తెలిసిన తాళాలు రెండే: డబ్ల్యూఈపీ, తొలినాటి డబ్ల్యూపీఏ. మేడమీది రౌటరు డబ్ల్యూపీఏ2 తాళం వేసుకుని కూర్చుంది. తయారీదారు కొత్త డ్రైవరు ఏమైనా ఇచ్చాడేమోనని వెదికితే, వాడి సైటులో ఆ కార్డుకున్న పుటే లేదు. కార్డులో లోపం లేదు. రేడియో పనిచేస్తోంది, వీధిలోని పన్నెండు ఇళ్ళ రౌటర్ల పేర్లన్నీ వరుసగా చూపిస్తోంది. ఒక్క ఫైలు లేక అది గూట్లో పిడక.

ఫైబరు కనెక్షను ఇచ్చిన కుర్రవాడు ఒక ఉపాయం చెప్పాడు. "రౌటర్లో డబ్ల్యూఈపీ పెట్టేద్దాం సార్, మీ పాత కార్డు కనెక్టయిపోద్ది." నేను వద్దన్నాను. డబ్ల్యూఈపీ తాళం లోపం 2001లోనే బయటపడింది. 2007 నాటికి జర్మనీలోని డార్మ్‌స్టాట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని నిమిషంలోపే తీయవచ్చునని చూపించారు. ముసలి కార్డు ఒక్కదానికోసం మేడమీది వాళ్ళ ఫోన్లు, బ్యాంకు లావాదేవీలు అన్నీ వీధిన పెట్టడం సబబు కాదు. పాతదాన్ని నిలుపుకోవాలనే మనం పాత తాళాలను కూడా నిలుపుకోకూడదు. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడేవాళ్ళు "పాతది కనుక ప్రమాదం, పారెయ్యండి" అంటారు. పారెయ్యవలసింది తాళాన్ని, తలుపును కాదు.

ఎలాగూ 2014 ఏప్రిల్ 8తో మద్దతు ముగిసిన ఎక్స్‌పీని ఇంటర్నెట్టుమీదికి పంపే ఉద్దేశం నాకు లేదు. దాన్ని వలతో సంబంధం లేకుండా ఒక మూల ఉంచి, పక్కన లినక్సు వేద్దామనుకున్నాను. రెండో ఆదివారం డెబియన్ 12 వేశాను. పాత డీడీఆర్ మెమరీ తెచ్చి ఒక గిగాబైటుకు పెంచాను. తెలుగు అక్షరాలు బాగా వచ్చాయి, పోతన, వేమన ఖతులు డెబియన్ పొదిలోనే ఉన్నాయి. కార్డు మాత్రం కదలలేదు. సీడీలో లినక్సు కోసమని ఒక సంచయం ఉంది గాని అది 2.6 కాలపు కెర్నెలుకు రాసినది. డెబియన్ 12లో ఉన్నది 6.1. వందల తప్పులు చూపించి ఆగిపోయింది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. వైర్‌లెస్ కార్డు అనేది రేడియోతో పాటు ఒక బుల్లి కంప్యూటరు కూడా. అది ఏం చేయాలో చెప్పే ఆదేశాలను ఫర్మ్‌వేరు అంటున్నాం. తొలిరోజుల్లో చాలా కార్డుల్లో దాన్ని కార్డుమీదే ఒక జ్ఞాపక చిప్పులో దాచేవారు. తరువాత ఖర్చు తగ్గించుకోవడానికి ఆ చిప్పును తీసేసి, యంత్రం వెలిగించిన ప్రతిసారీ డ్రైవరే దాన్ని కార్డులోకి ఎక్కించే పద్ధతి తెచ్చారు. అంటే మనం డబ్బిచ్చి కొన్న వస్తువులో సగం మాత్రమే మన చేతికి వస్తుంది. మిగతా సగం సీడీలోనో, తయారీదారు సైటులోనో ఉంటుంది. సీడీ గీతలు పడినా, సైటు మూతబడినా మన చేతిలో మిగిలేది రేకుముక్క.

దీనిమీద జరిగిన పోరాటం కథ చిన్నది కాదు. బ్రాడ్‌కామ్ చిప్పులకు లినక్సు డ్రైవరు లేని రోజుల్లో కొందరు స్వచ్ఛందంగా పూనుకుని రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు ఉన్న డ్రైవరును విప్పి చూసి చిప్పు ఎలా నడుస్తుందో వర్ణన రాసింది. రెండో జట్టు ఆ డ్రైవరు మొహం చూడకుండా, కేవలం ఆ వర్ణన చదివి కొత్తగా రాసింది. నకలు కొట్టారన్న మాట పడకుండా ఉండేందుకే ఈ మడి. ఆ డ్రైవరు 2006లో 2.6.17 కెర్నెలులో చేరింది. అయినా ఫర్మ్‌వేరు తాళం విడలేదు. విండోస్ డ్రైవరులోంచి దాన్ని కత్తిరించి తీసుకునే పరికరం ఒకటి రాసుకోవలసివచ్చింది, పరాయి పెరట్లోంచి మన మొక్కకు నీళ్ళు తెచ్చుకున్నట్టు. అదే కంపెనీ 2010 సెప్టెంబరులో తన కొత్త చిప్పులకు తానే బహిరంగ డ్రైవరు విడుదల చేసింది. నాలుగేళ్ళ ముందు అసాధ్యమన్నది నాలుగేళ్ళ తరువాత సాధ్యమే అయింది.

అథెరాస్ కథ ఇంకా ఆసక్తికరం. దాని డ్రైవరులో హార్డ్‌వేరుతో మాట్లాడే భాగం చాలాకాలం మూసిన పెట్టెగానే ఉండేది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు దానికి బదులుగా తమదే ఒకటి రాసుకున్నారు. దాని ఆధారంగా లినక్సులో ఏత్5కె డ్రైవరు వచ్చింది. 2008లో కంపెనీయే దిగివచ్చి, కొత్త చిప్పుల డ్రైవరును, పాత మూసిన భాగపు మూలాన్ని బయటపెట్టింది. ఓపెన్‌బీఎస్‌డీ నాయకుడు థియో డి రాట్‌కు స్వేచ్ఛా సాఫ్టువేరు సంస్థ 2004 పురస్కారం ఇచ్చింది కూడా ఇటువంటి పట్టుదలకే. ఆయన మాటతీరు గురించి నాకు పెద్ద గౌరవం లేదు, పట్టుదల గురించి ఉంది.

కంపెనీలవాళ్ళు చెప్పే కారణం ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేం. రేడియో అనేది అందరి గాలిలో పనిచేసే వస్తువు. ఏ పౌనఃపున్యంలో, ఎంత శక్తితో ప్రసారం చేయాలో ప్రతి దేశానికీ నిబంధనలున్నాయి. మన దేశంలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు అక్కరలేకుండా వాడుకోవడానికి ప్రభుత్వం 2005 జనవరిలో అనుమతించింది, అదీ శక్తి పరిమితితోనే. డ్రైవరును విప్పి ఇస్తే జనం ఆ హద్దులు దాటతారని వాళ్ళ భయం. కాని అథెరాస్ మూలం బయటికి వచ్చి పదిహేనేళ్ళు దాటింది, దానివల్ల గాలి అతలాకుతలమైపోలేదు. హద్దు దాటేవాడిని పట్టుకోవడానికి చట్టం ఉంది. దాటని మా పెదనాన్నను ముందే శిక్షించడం దేనికి?

ఇక ఖతుల సంగతి. పెదనాన్నగారి మాటల పట్టీలో సగానికి పైగా 2003 నుంచి 2009 దాకా ఒక డీటీపీ ఖతిలో టైపు చేసినది. అప్పట్లో వేరే దారి తెలియదు. ఆ ఖతిలో అక్షరానికి సంకేతం లేదు, అక్షరం ముక్కలకు ఉంది. తలకట్టు ఒక సంకేతం, కింది ఒంపు మరొకటి. ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే 'నాగలి' కాస్తా రోమను అక్షరాల గుగ్గిళ్ళవుతుంది. అందులో వెదకలేరు, అకారాదిగా పేర్చలేరు. ఆయన ఇన్నేళ్ళూ వరుసను చేత్తోనే సరిచూసుకుంటున్నారు. ఆ ఖతి నడిచేది ఆ ఎక్స్‌పీలోనే, ఆ ఎక్స్‌పీ నడిచేది ఆ పెట్టెలోనే. పెట్టెను ఎందుకు వదలరో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

మనలో చాలామందికి ఇది పాత గాయమే. 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికినా, ఆ తరువాత పదిహేనేళ్ళదాకా తెలుగు పత్రికలు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఖతిని పట్టుకుని వేలాడాయి. ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉన్నా, ప్రాంతీయ భాషల అమరికలోకి వెళ్ళి టిక్కు పెట్టి, విండోస్ సీడీ అరువు తెచ్చి ఎక్కిస్తే తప్ప ఒత్తులు వాటి చోట్లలో నిలిచేవి కావు. పత్రికల ఖతులను యూనికోడ్‌లోకి మార్చి చూపించే 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు వచ్చిన రోజున మనం ఎంత సంబరపడ్డామో గుర్తుందా? దాన్ని చేసినవారు చేసినదేమిటి? ఖతి యజమాని చెప్పని సంకేతాల పట్టికను బయటినుంచి చూసి తయారుచేసుకున్నారు. బ్రాడ్‌కామ్ చిప్పు ముందు కూర్చున్న ఆ రెండు జట్లు చేసిన పనీ సరిగ్గా అదే. మన భాషకు పనికివచ్చిన న్యాయం మన యంత్రానికి ఎందుకు పనికిరాదు?

పాతవన్నీ నిలబెట్టి తీరాలన్న మూర్ఖత్వం నాకు లేదు. ఈ పెంటియం 4 ప్రాసెసరొక్కటే పూర్తి పనిలో ఉంటే అరవై వాట్ల దాకా తింటుంది. నేటి చిన్న కంప్యూటరు అంతకంటే తక్కువ కరెంటుతో మొత్తం పని చేస్తుంది. రోజంతా వెలిగించేవారైతే కొత్తది కొనుక్కోవడమే లాభం. స్వేచ్ఛా సాఫ్టువేరువాళ్ళు కూడా ఎల్లకాలం మోయరు: 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఇటువంటి 32 బిట్ల యంత్రాలకు స్థాపక డిస్కు ఇవ్వడం మానేసింది. డెబియన్ 12 దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్‌తో సరి. అయితే వాళ్ళు మోయడం మానేసిన బరువును మూలంతో సహా రోడ్డుపక్కన అందరికీ కనబడేటట్టు దించి వెళ్తారు, ఓపిక ఉన్నవాడు ఎత్తుకోవచ్చు. మా మొదటి కార్డు తయారీదారు దించి వెళ్ళలేదు, బరువుతో సహా మాయమయ్యాడు.

ఈ బాధ ఇకముందు పెరిగేదే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 మామూలు మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 లేదనో, ప్రాసెసరు పాతదనో విండోస్ 11 ఒల్లని కంప్యూటర్లు మన ఇళ్ళలో ఎన్నో ఉన్నాయి. అవి పెదనాన్నగారి పెట్టె కంటే పదేళ్ళు చిన్నవి. 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న ఇ-వ్యర్థాల నిబంధనలు వస్తువు చెత్తయ్యాక దాని బాధ్యతను తయారీదారుమీద పెడుతున్నాయి. మంచిదే. చెత్త కాకుండా ఆపే బాధ్యత ఎవరిది? 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు కోసమని ఒక జాలస్థలం తెరిచింది. విడిభాగాలు, కరదీపికలు దొరకాలన్నారు. డ్రైవరు విడిభాగం కాదా? నేను కోరేది పెద్ద విప్లవమేమీ కాదు. వ్యాపారం చేస్తున్నన్నాళ్ళు రహస్యం ఉంచుకోండి. మద్దతు ఆపుతున్నామని ప్రకటించిన రోజున ఆ డ్రైవరు మూలాన్ని, చిప్పు వివరాలను అందరికీ అందేచోట పెట్టండి. కనీసం ఆ ఫర్మ్‌వేరు ఫైలును పంచుకునే అనుమతి ఇవ్వండి. 2022లో డెబియన్‌వాళ్ళు ఓటు వేసుకుని, స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేరును కూడా తమ స్థాపక డిస్కులో ఉంచడానికి ఒప్పుకున్నారు. సిద్ధాంతం విషయంలో అంత నిష్ఠగలవాళ్ళు దిగివచ్చింది, అది లేకపోతే చాలామందికి యంత్రమే లేవదని. పంచుకునే అనుమతే లేని ఫైళ్ళను వాళ్ళూ పెట్టలేరు.

మూడో ఆదివారం నాటికి బుద్ధి తెచ్చుకుని, పెట్టెమీది పేరు చూడటం మానేసి చిప్పు పేరు చూడటం మొదలుపెట్టాను. ఇది మీకెవరికైనా ఉపయోగపడవచ్చు. కార్డుమీది కంపెనీ పేరుకూ లోపలి చిప్పుకూ సంబంధం ఉండదు. ఒకే పేరు, ఒకే నమూనా సంఖ్య ఉంచి, కూర్పు సంఖ్య మాత్రం మార్చి లోపల వేరే కంపెనీ చిప్పు వేయడం ఆ రోజుల్లో మామూలే. రేకుడబ్బా కింద రాసినది చదవాలి. లేదా గాడిలో పెట్టాక ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం ఇస్తే రెండు సంఖ్యలు చూపిస్తుంది, మొదటిది చిప్పు చేసినవాడిది, రెండోది చిప్పుది. మళ్ళీ చెనాయ్ ట్రేడ్ సెంటరుకే వెళ్ళి, పాత కార్డుల అట్టపెట్టె ముందు అరగంట కూర్చున్నాను. దుకాణం కుర్రవాడు "ఏం వెతుకుతున్నారు సార్, అన్నీ ఒకటే కదా" అన్నాడు. నూటయాభై రూపాయలకు ఒక అథెరాస్ చిప్పు కార్డు దొరికింది. గాడిలో పెట్టి వెలిగిస్తే, సంఖ్యలు 168సి, 0013 అని వచ్చాయి. ఏత్5కె డ్రైవరు దాన్ని వెంటనే ఎత్తుకుంది. ఈ చిప్పుకు ఫర్మ్‌వేరు ఎక్కించవలసిన పనే లేదు. డబ్ల్యూపీఏ2 తాళం తీసుకుంది. సీడీ అక్కరలేదు, సైటు అక్కరలేదు. ఈ కార్డు వయసు మొదటిదాని వయసే.

ఒక్క చిక్కు మిగిలింది. కేబినెట్టు బల్ల కింద గోడకు ఆనుకుని ఉంటుంది, కార్డు వెనకనున్న పుల్లయాంటెన్నా ఇనుముకూ సున్నపు గోడకూ మధ్య ఇరుక్కుంది. సంకేతం వస్తూ పోతూ ఉంది. యాంటెన్నాను విప్పి, మీటరు పొడవు తీగతో పొడిగించి బల్లమీద నిఘంటువుల పక్కన నిలబెట్టాను. అట్టమీద రాసే 54లో సెకనుకు పద్దెనిమిది మెగాబిట్లు వస్తున్నాయి. 802.11జికి అది మంచి వేగమే, ఆయన పనికి అదే ఎక్కువ.

ఇక ఆ డీటీపీ ఫైళ్ళ సంగతి. ఎక్స్‌పీలోంచి వాటిని తీసి, ముక్కల పట్టికను ఆయనా నేనూ కూర్చుని రాసుకుని, యూనికోడ్‌లోకి మార్చే చిన్న స్క్రిప్టు రాశాను. 'ఘ' ఒత్తు దగ్గరా, 'శ్రీ' దగ్గరా ఇంకా తప్పులు వస్తున్నాయి. మొదటిసారి తెరమీద వెదుకు గడిలో 'మేడి' అని కొట్టి, ఏడుచోట్ల ఉన్నట్టు చూపించగానే ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత "అయిదోచోట రాసిన అర్థం తప్పురా, 2005లో ఎవరో చెబితే రాసేశాను" అని దాన్ని దిద్దడానికి కూర్చున్నారు. ప్రస్తుతం 'గ'లో ఉన్నారు.